కంటైనర్ పోర్ట్‌లో ఆగిపోయింది, సప్లయర్ ఇచ్చిన లెటర్ సరిపోదా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం టెక్సాస్‌లో ఉంటాం. నేనూ మా ఆవిడా కలిసి చిన్న కంపెనీ పెట్టుకుని తిరుపూర్ నుంచి పిల్లల కాటన్ బట్టలు తెప్పించి ఆన్‌లైన్‌లోనూ ఇక్కడి మన షాపులకీ అమ్ముతున్నాం. ఈసారి కంటైనర్‌ని హ్యూస్టన్‌లో ఆపేసి, ఉయిగర్ ఫోర్స్‌డ్ లేబర్ చట్టం కింద డిటెన్షన్ నోటీస్ పంపారు. మేం చైనా నుంచి ఒక్క గుండీ కూడా తేలేదు. సప్లయర్‌ని అడిగితే "అంతా గుంటూరు కాటనే సార్, భయపడొద్దు" అని లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి పంపాడు. అది ఇస్తే వదిలేస్తారా? ఇకమీదట ఇలా కాకుండా ఏం చేయాలి? ఒక ఫ్రెండేమో కంటైనర్ మానేసి చిన్న చిన్న పార్సిళ్లుగా తెప్పించుకోమంటున్నాడు. ఇంకోటి, మా బావమరిది భీమవరం నుంచి రొయ్యలు పంపిస్తానంటున్నాడు, దానికి కూడా ఈ గొడవ ఉంటుందా?

జవాబు: తమ్ముడూ, ముందు క్యాలెండర్ తీయి. నోటీస్ నువ్వు మెయిల్‌లో ఏ రోజు చూశావన్నది వాళ్లకి అనవసరం, సరుకు కస్టమ్స్ వాళ్ల ముందు పరీక్షకి పెట్టిన రోజు నుంచి 30 రోజులు లెక్క, ఆ లోపల నీ కాగితాలు వెళ్లి, వాళ్లు చదివి, తృప్తి పడి వదలాలి, వదల్లేదంటే లోపలికి రానివ్వలేదనే అర్థం. ఆ తర్వాత ప్రొటెస్ట్, అంటే ఆ నిర్ణయం మీద అభ్యంతరం, వేసుకోడానికి 180 రోజులు ఉంటాయి, కానీ ఆ రోజులన్నిటికీ గోడౌన్ అద్దె, డెమరేజ్ నీ జేబులోంచే పోతాయి, ఈలోగా సీజన్ కూడా దాటిపోతుంది. సీజ్ చేయనంతవరకూ సరుకు వెనక్కి ఎగుమతి చేసేసుకునే దారి కూడా ఒకటుంటుంది, అది మర్చిపోకు. కాబట్టి ఇవ్వాళే మీ కస్టమ్స్ బ్రోకర్‌తో కూర్చో, ఈ చట్టం కేసులు చూసిన లాయర్ ఎవరైనా ఉంటే ఒక గంట ఫీజైనా కట్టి మాట్లాడు. ఈ సలహా చదివి నువ్వే సొంతంగా జవాబు రాసి పంపేయకు.

ఇక ఆ లెటర్ సంగతి. పెళ్లి చూపుల్లో "మా వాడు బంగారం" అని అబ్బాయి వాళ్ల నాన్న చెప్తే ఎంత విలువో దీనికీ అంతే. సప్లయర్ అబద్ధం చెప్తున్నాడని నేననట్లేదు, బహుశా నిజమే చెప్తున్నాడు, కానీ ఈ చట్టంలో నిజం చెప్పడం ఒక్కటే చాలదు, కాగితం మీద చూపించాలి, చూపించాల్సింది కూడా నువ్వే, ఎందుకంటే ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్, అంటే ఆ సరుకు దిగుమతికి బాధ్యుడు, అని నీ కంపెనీ పేరుంది.

అసలు ఇదెందుకు ఇంత గట్టిగా ఉందో తెలిస్తే కస్టమ్స్ వాళ్లేం అడుగుతున్నారో కూడా తెలుస్తుంది. వెట్టి చాకిరీతోనో ఖైదీల చేతనో చేయించిన సరుకు అమెరికాలోకి రాకూడదని 1930 టారిఫ్ యాక్ట్‌లోనే సెక్షన్ 307 ఉంది, ఐతే దేశంలో సరిపడా తయారవ్వని సరుకైతే రానివ్వొచ్చు అని అందులో ఒక సందు ఉండేది, ఆ సందు వల్ల దశాబ్దాల పాటు ఆ సెక్షన్ పెద్దగా వాడకంలో లేదు. 2016లో ఆ సందు మూసేశారు. తర్వాత 2021 డిసెంబర్‌లో ఉయిగర్ చట్టం (ఉయిగర్లు అంటే చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉండే ముస్లిం మైనారిటీ జనం) మీద సంతకం అయ్యి, 2022 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, దీంతో నిరూపించాల్సిన బరువు పూర్తిగా తిరగబడింది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఏ కొంచెం తయారైనా, లేదా ఎంటిటీ లిస్ట్ అని ఒక జాబితా ఉంది, అందులో ఉన్న కంపెనీ చెయ్యి ఎక్కడ పడినా, ఆ సరుకు బలవంతపు పనితో చేసిందే అని చట్టమే ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది తెచ్చుకున్నవాడు. ఆ జాబితాలో 2025 జనవరికే 144 పేర్లున్నాయి. ఇంత శాతం లోపు ఉంటే పర్లేదు అనే మినహాయింపు కూడా లేదు, మొత్తమైనా కొంతైనా ఒకటే.

ప్రపంచంలో పండే పత్తిలో దాదాపు ఐదో వంతు షిన్‌జియాంగ్‌దే. అందుకే కాటన్, రెడీమేడ్ బట్టలు మొదటి నుంచీ వాళ్ల ప్రయారిటీ లిస్ట్‌లో, అంటే ముందుగా గట్టిగా చూసే రంగాల్లో, ఉన్నాయి. నువ్వు చైనా నుంచి తెప్పించకపోయినా వియత్నాం, మలేషియా, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన కంటైనర్లు బోలెడు ఆగాయి, దూది ఒక దేశం, నూలు ఇంకో దేశం, కుట్టేది మరో దేశం కాబట్టి. కాబట్టి ఇండియా నుంచి వచ్చింది కదా అన్న ధీమా వద్దు.

ఇప్పుడు నీ ముందు రెండు దారులున్నాయి, ఏ దారిలో వెళ్తున్నావో జవాబు మొదటి పేజీలోనే స్పష్టంగా రాయించు. ఒకటి, నా సరుకుకి షిన్‌జియాంగ్‌తో గానీ ఆ జాబితా కంపెనీలతో గానీ సంబంధమే లేదు, ఈ చట్టమే నాకు వర్తించదు అని చూపించడం. రెండోది, సంబంధం ఉంది గానీ అక్కడ బలవంతపు పని జరగలేదు అని స్పష్టమైన, ఒప్పించే సాక్ష్యంతో నిరూపించి మినహాయింపు తెచ్చుకోవడం. రెండోది నీలాంటి చిన్నవాళ్లకి అయ్యే పని కాదు, అలా మినహాయింపు ఇస్తే కస్టమ్స్ వాళ్లు అమెరికా పార్లమెంట్‌కి, అంటే అక్కడి కాంగ్రెస్‌కి, రిపోర్ట్ చేసి జనానికి కూడా చూపించాలి, అందుకని వాళ్లు అంత తేలిగ్గా ఇవ్వరు. నీది మొదటి దారే.

ఆ దారికి కావాల్సింది దూది బేలు నుంచి బట్టల బాక్స్ దాకా తెగకుండా ఒక గొలుసు. తిరుపూర్‌లో ఒక టీషర్ట్ ఎన్ని చేతులు మారుతుందో నీకు తెలుసో లేదో, జిన్నింగ్ మిల్లు, స్పిన్నింగ్ మిల్లు, నూలు ఏజెంట్, నిట్టింగ్ వాడు, డైయింగ్ వాడు, కాంపాక్టింగ్, ప్రింటింగ్, కటింగ్, స్టిచింగ్, వీటిలో సగం జాబ్‌వర్కే, అంటే కూలికి బయటివాళ్లతో చేయించే పని, నీ సప్లయర్ ఫ్యాక్టరీ గోడల బయటే. ముందు ఈ అందరి పేర్లు, అడ్రస్‌లు, ఎవరు ఏ పని చేశారో ఒక పేజీలో బొమ్మలా గీయించు. ఆ తర్వాత ఒక్కో గీతకీ ఒక ఇన్‌వాయిస్, ఒక రవాణా కాగితం, ఒక పేమెంట్ రుజువు. పేమెంట్ రుజువు చాలామంది మర్చిపోతారు, కానీ ఇన్‌వాయిస్ ఎవడైనా టైప్ చేసుకోవచ్చు, బ్యాంకులో డబ్బు కదిలినట్టు చూపిస్తేనే ఆఫీసర్‌కి నమ్మకం.

ఇండియాలో మనకి కలిసొచ్చేది జీఎస్టీ. తిట్టుకుంటాం గానీ ఇక్కడ అదే దిక్కు. జాబ్‌వర్క్‌కి బట్ట పంపాలంటే డెలివరీ చలానా ఉండాలి, తిరుపూర్‌లో డీసీ డీసీ అంటారు కదా అదే, సరుకు విలువ పరిమితి దాటితే బండి కదలడానికి ఈ-వే బిల్లు, జాబ్‌వర్క్ లెక్కకి ఐటీసీ-04 ఫారం. నీ సప్లయర్‌ని "సర్టిఫికెట్ పంపు" అని అడిగితే సర్టిఫికెట్టే వస్తుంది, అలా కాకుండా "మా ఆర్డర్‌కి నిట్టింగ్‌కి పోయిన నూలు డీసీలు, వాటి ఈ-వే బిల్లులు, నూలు కొన్న ఇన్‌వాయిస్, దాని మీద లాట్ నంబర్ పంపండి" అని అడుగు (లాట్ అంటే ఒకే విడతలో తీసిన నూలు). అకౌంటెంట్‌కి అర్థమయ్యే భాష అది, అవి అతని సిస్టమ్‌లో ఉంటాయి.

కష్టం ఎక్కడొస్తుందంటే స్పిన్నింగ్ మిల్లు దగ్గర. గుంటూరు కాటనే అన్నాడు కదా, ఉండొచ్చు, కానీ మిల్లులో సాధారణంగా ఒక్క ఊరి దూదే వాడరు, గుంటూరుది, ఆదిలాబాద్‌ది, గుజరాత్‌ది, ఒక్కోసారి బయటి దేశం నుంచి వచ్చింది కూడా కలిపి మిక్సింగ్ వేస్తారు, నాణ్యత ఒకేలా రావాలి కాబట్టి. కాబట్టి మిల్లుని అడగాల్సింది నీ నూలు లాట్ తీసిన రోజుల్లో మిక్సింగ్‌కి ఏ బేళ్లు ఇష్యూ చేశారు అని. ప్రతి బేలు మీద ప్రెస్ నంబర్ ఉంటుంది, మిల్లులో ఇష్యూ రిజిస్టర్ ఉంటుంది, ఆ పేజీ కావాలి. అది తమిళంలో చేత్తో రాసి ఉంటే భయం లేదు, ఇంగ్లిష్ అనువాదం జత చేయి, అనువాదం లేకుండా మాత్రం పంపకు.

లెక్క కూడా కుదరాలి, ఇది చాలామందికి తట్టని విషయం. ఉదాహరణకి నీ కంటైనర్‌లో బట్టల బరువు 5,000 కిలోలు అనుకో. కటింగ్‌లో ముక్కలు పోను బట్ట దాదాపు 5,900 కిలోలు కావాలి, డైయింగ్, నిట్టింగ్ తరుగు కలిపితే నూలు 6,300 చిల్లర, కోంబ్డ్ నూలైతే (పొట్టి పోగులు దువ్వి తీసేసిన నూలు) దూదిలో పావు వంతు దాకా తరుగే, అంటే 8,400 పైచిలుకు దూది, మన బేలు 170 కిలోలు కాబట్టి సుమారు 50 బేళ్లు. ఇప్పుడు నీ సప్లయర్ 20 బేళ్ల బిల్లులు పంపితే మిగతా 30 ఎక్కడివి అని అడుగుతారు, 600 బేళ్ల బిల్లులు కట్టగట్టి పంపితే అందులో మా 50 ఏవి అని అడుగుతారు. రెండూ ఫెయిలే. కాగితాలు ఎక్కువ పంపితే మంచిదనుకుని వందల పేజీలు అప్‌లోడ్ చేసేవాళ్లని చూస్తుంటాను, ఆఫీసర్‌కి అంత టైం ఉండదు తమ్ముడూ, ముందు రెండు పేజీల్లో కథ చెప్పి, ఏ అంకె ఏ పేజీలో ఉందో ఇండెక్స్ ఇచ్చి, ఆ పైన లెక్క పట్టిక పెట్టు.

దూది ఒక్కటే చూసి ఊరుకోకు. కుట్టే దారం, ఎలాస్టిక్, జిప్పు, లైనింగ్, లేబుల్, అన్నీ సరుకులో భాగమే. చైనా నుంచి ఒక్క గుండీ తేలేదన్నావు, నువ్వు తేలేదు సరే, గుండీలు అమ్మినవాడు ఎక్కడి నుంచి తెచ్చాడో అడిగావా? పిల్లల టీషర్ట్‌ల మీద బొమ్మలుంటాయి కదా, మందంగా రబ్బరులా తగిలే ప్రింట్ చాలావరకు ప్లాస్టిసాల్, అంటే పీవీసీ, ఆ పీవీసీని 2024లో ప్రయారిటీ రంగాల్లో కలిపారు, షిన్‌జియాంగ్‌లో పీవీసీ తయారీ పెద్దది, అక్కడి పెద్ద కంపెనీ ఒకటి జాబితాలో కూడా ఉంది. ఇంక్ ఎవరిదో, రెజిన్ ఎక్కడిదో ఒక ఈమెయిల్ పెట్టి అడిగి దాచుకో. జాబితాలో పేర్లు వెతికేటప్పుడు కూడా ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి లేదనుకోకు, ఒకే కంపెనీకి రెండు మూడు పేర్లు, పిల్ల కంపెనీలు ఉంటాయి.

దూది ఎక్కడిదో చెప్పే ఐసోటోప్ టెస్ట్ ల్యాబులున్నాయి, అడుగుతావని ముందే చెప్తున్నా, చేయించు, మంచిదే, కానీ కాగితాలకి తోడుగా మాత్రమే పనికొస్తుంది. పరీక్ష చేసిన ముక్క ఈ కంటైనర్‌లోదే అని చూపించడానికి మళ్లీ కాగితమే కావాలి.

ఇంతవరకూ చైనా గురించే మాట్లాడాను, కానీ అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది. సెక్షన్ 307 చైనా కోసం పెట్టింది కాదు, ఏ దేశంలో బలవంతపు పని జరిగినా వర్తిస్తుంది, తిరుపూర్‌కి కూడా, దిండిగల్‌కి కూడా. 2022 జులైలో దిండిగల్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ సరుకు మీద అమెరికా కస్టమ్స్ విత్‌హోల్డ్ రిలీజ్ ఆర్డర్, అంటే పోర్ట్‌లో సరుకు వదలకుండా ఆపే ఆదేశం, వేసింది, సెప్టెంబర్‌కల్లా తీసేసింది. అంత త్వరగా ఎందుకు తీసేశారంటే, అంతకుముందు ఏడాది ఆ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత అమ్మాయి హత్య జరిగాక, అక్కడి మహిళల యూనియన్ పోరాడి 2022 ఏప్రిల్‌కే దిండిగల్ ఒప్పందం అని రాయించుకుంది, హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ కంపెనీలు కూడా కట్టుబడ్డాయి, వేధింపులు జరిగితే ఎవరికి చెప్పాలి, చెప్పినవాళ్లని ఎలా కాపాడాలి అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఆర్డర్ పడేనాటికే దిద్దుబాటు నడుస్తోంది. ఆడిట్ కంపెనీ ఇచ్చిన రంగుల రిపోర్టులు చేయలేని పని వర్కర్ల సంఘం సంతకం చేసింది, నా అభిప్రాయం అయితే అదే.

అందుకే నీ సప్లయర్‌ని, ముఖ్యంగా నూలు మిల్లుని, వర్కర్ల గురించి అడుగు. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు పనికి 11 గుర్తులు చెప్తుంది, మోసం చేసి తేవడం, కదలనివ్వకపోవడం, గుర్తింపు కార్డులు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పులో కట్టేయడం, విపరీతమైన ఓవర్‌టైం, ఇలా. దీన్ని మన మాటల్లో అడుగు: హాస్టల్‌లో ఉండే అమ్మాయిలు ఆదివారం బయటికి వెళ్లాలంటే ఎవరి పర్మిషన్ కావాలి, ఫోన్ ఉంచుకోనిస్తారా, ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో తెచ్చిన మేస్త్రీకి కమిషన్ ఎవరిచ్చారు, ఆ అడ్వాన్స్ ఎవరి జీతంలో కోస్తున్నారు, ఆధార్, టెన్త్ మెమో ఆఫీసులో పెట్టుకున్నారా, జీతం ప్రతి నెలా వాళ్ల సొంత అకౌంట్‌లో పడుతోందా లేక మూడేళ్లయ్యాక పెళ్లికి ఒకేసారి ఇస్తాం అంటున్నారా. ఈ చివరిది తమిళనాడు మిల్లుల్లో సుమంగళి స్కీమ్ అని చాలా పేరు పడ్డది, పేరు మార్చి నడిపినా పద్ధతి అదే అయితే జీతం ఆపినట్టే. ఇంకోటి, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం ఆర్టికల్ 23 కింద బలవంతపు పనే అని మన సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఆసియాడ్ క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో చెప్పేసింది. కాబట్టి జీతాల రిజిస్టర్, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ లిస్ట్, పీఎఫ్ చలానా, ఈ మూడూ ఒకే మనుషుల సంఖ్య చెప్తున్నాయా అని చూడు. ఆఫీసులో 400 మంది పని చేస్తున్నారని చెప్పి పీఎఫ్ 150 మందికే కడుతుంటే మిగతా వాళ్లు ఎవరి కింద ఉన్నట్టు?

నువ్వు ఇండియా వెళ్లినప్పుడు ఫ్యాక్టరీకి వెళ్తావు, ఓనర్ కాఫీ ఇచ్చి షోరూమ్ చూపిస్తాడు. డైయింగ్ యూనిట్, నూలు మిల్లు కూడా చూడాలని అడుగు, సాయంత్రం షిఫ్ట్ మారే టైంకి గేటు దగ్గర నిలబడు, మీ ఆవిడ వస్తే హాస్టల్ వార్డెన్ లేకుండా అమ్మాయిలతో నాలుగు మాటలు మాట్లాడమను. అక్కడ తమిళం, హిందీ, ఒడియా నడుస్తాయి, భాష వచ్చినవాళ్లని తీసుకెళ్లు, ఓనర్ ఇచ్చిన మనిషిని అనువాదానికి పెట్టుకోకు. ఏదైనా తప్పు కనిపిస్తే వెంటనే ఆర్డర్ కాన్సిల్ చేసి పారిపోకు కూడా, నువ్వు పోతే ఆ పిల్లల జీతమే పోతుంది, ముందు సరిదిద్దమని గడువు పెట్టు, కోసిన డబ్బు వెనక్కి ఇప్పించు, అప్పటికీ మారకపోతే వెళ్లిపో.

వచ్చే ఆర్డర్ నుంచి ఒప్పందంలోనే రాసుకో, నాకు చెప్పకుండా పని బయటికి ఇవ్వకూడదు, పైన చెప్పిన కాగితాలన్నీ షిప్పింగ్‌కి ముందే స్కాన్ చేసి పంపాలి, అవి అందాకే బ్యాలెన్స్ పేమెంట్. ఆ మాట మీద నిలబడు. ఆ ఫైల్ ఐదేళ్లు దాచాలి, కస్టమ్స్ రికార్డులకి రూల్ అదే. అయితే నీ వైపు నుంచి కూడా ఒక పని ఉంది, రెండు రూపాయలు తగ్గించమని గీసి గీసి బేరమాడి, పైన ఆర్డర్‌లో డిజైన్ మూడుసార్లు మార్చి, డేట్ మాత్రం మార్చనంటే వాడు చీకట్లో ఎవడికో జాబ్‌వర్క్ ఇచ్చేస్తాడు, ఆ ఎవడి దగ్గరా నీకు కాగితం ఉండదు.

మీ ఫ్రెండ్ పార్సిల్ ఐడియా గురించి ఎక్కువ చెప్పను. సెక్షన్ 307కి విలువతో పని లేదు, డబ్బాలో పది చొక్కాలున్నా వర్తిస్తుంది, పైగా 800 డాలర్ల లోపు డ్యూటీ ఫ్రీ అనే వెసులుబాటుని 2025 ఆగస్ట్ 29 నుంచి అన్ని దేశాలకీ ఆపేశారు. ఇక ఎవరైనా శ్రీలంక మీదుగా తిప్పి పంపిస్తాం అంటే ఆ ఫోన్ పెట్టేయి, సరుకు పుట్టిన చోటు తప్పుగా రాస్తే అది వేరే కేసు, పెద్ద కేసు. రేపు కెనడాకో యూరప్‌కో అమ్ముదామనుకున్నా ఇదే, కెనడాలో 2020 జులై నుంచే నిషేధం ఉంది, యూరోపియన్ యూనియన్ చట్టం 2027 డిసెంబర్ 14 నుంచి అమలవుతుంది.

రొయ్యల విషయానికొస్తే, అవును, దానికీ ఉంటుంది. 2024 మార్చిలో కోస్తా ఆంధ్రా పీలింగ్ షెడ్ల మీద అమెరికాలో కథనాలు వచ్చాయి, అప్పు మీద పని, తక్కువ కూలి, హాస్టళ్ల పరిస్థితి అని, ఎగుమతిదారులు అది నిజం కాదన్నారు. ఎవరిది నిజమో నువ్వు తేల్చక్కర్లేదు, మీ బావమరిది పంపే సరుకు ఏ షెడ్‌లో వొలిచారో మాత్రం తేల్చుకోవాలి. రొయ్యలకి 2018 చివరి నుంచే ఇంకో రూల్ కూడా ఉంది, ఏ చెరువులో పట్టారు, ఎవరికి అమ్మారు అని పట్టిన చోటు నుంచి రికార్డు ఉండాలి, ఇది కాక యాంటీ డంపింగ్ డ్యూటీలు, అంటే మరీ చవకగా అమ్ముతున్నారని వేసే అదనపు సుంకాలు, వేరే. చెరువు రైతు కాగితం దొరుకుతుంది, ప్రాసెసింగ్ ప్లాంట్ కాగితం దొరుకుతుంది, మధ్యలో వొలిచే షెడ్, ఆ ఆడవాళ్లని వ్యాన్‌లో తెచ్చే కాంట్రాక్టర్, వాళ్ల కూలి చీటీ, ఇవే దొరకవు. తలలు తీయడం, వొలవడం అంతా సొంత ప్లాంట్ లోపలే చేసే ఎగుమతిదారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమని మీ బావమరిదికి చెప్పు, అలాంటివాడు దొరికితే అప్పుడు మళ్లీ రాయి, డ్యూటీ లెక్కలు కూడా చూద్దాం. ఈలోగా హ్యూస్టన్ కంటైనర్ పని చూసుకో, ఇవ్వాళ తిరుపూర్‌కి పంపే మెయిల్‌లో నూలు లాట్ నంబర్ అడగడం మర్చిపోకు, అక్కడ ఆదివారం ఆఫీసులుండవు.